సిమ్యులేటర్‌లో గెలుస్తుంది, రైల్లో ఓడిపోతుంది. నాలుగేళ్ళ పీహెచ్‌డీ పనిని ఏం చేయాలి?

డెల్టా_అమ్మాయి

నాలుగో ఏడు నడుస్తోంది. నా పని వీడియో స్ట్రీమింగ్ మీద. ఫోన్లో మనం చూసే వీడియోని నాలుగైదు సెకన్ల ముక్కలుగా కోసి సర్వర్లో పెడతారు కదా, ఒక్కో ముక్క నాలుగైదు నాణ్యతల్లో ఉంటుంది. తర్వాతి ముక్క ఏ నాణ్యతలో అడగాలో ఫోనే తేల్చుకోవాలి. ఎక్కువ అడిగితే వీడియో ఆగి చక్రం తిరుగుతుంది, తక్కువ అడిగితే మొహాలు మసకగా కనిపిస్తాయి. నెట్ వేగాన్ని న్యూరల్ నెట్‌తో (డేటా చూసి నేర్చుకునే ప్రోగ్రాంతో) ముందే అంచనా వేసి ఆ నిర్ణయం తీసుకునే పద్ధతి నా థీసిస్.

సిమ్యులేటర్‌లో, అంటే నిజం నెట్ బదులు కంప్యూటర్లో లెక్కలతో ఆడించే చోట, అద్భుతంగా వచ్చింది. పాత బఫర్ పద్ధతి (ఫోన్లో ముందే వచ్చి నిల్వ ఉన్న వీడియో, అంటే బఫర్, ఎంతుందో చూసి అడిగేది), ఎంపీసీ, బోలా, పెన్సీవ్ లాంటి పేరున్న పద్ధతులన్నిటినీ దాటింది. మొన్న దసరాకి ఇంటికెళ్తూ గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రెండు ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. ఒకదాంట్లో నా పద్ధతి, రెండోదాంట్లో 2014లో వచ్చిన మామూలు బఫర్ పద్ధతి. ఒకే కంపెనీ సిమ్ములు, ఒకే వీడియో. కాజీపేట రాకముందే నాది రెండుసార్లు ఆగింది. ఖమ్మం దాటాక లెక్కపెట్టడం మానేశాను. పాతది హాయిగా ఆడుతోంది. ఎదురు బెర్తులో ఉన్న పెద్దావిడ "ఆ ఫోను బాలేదేమో అమ్మా, ఇందులో చూడు" అని రెండోది నా చేతిలో పెట్టింది. ఏడుపొచ్చింది.

మా సార్ మంచివారే. "సిమ్యులేటర్ ఫలితాలు ఉన్నాయి కదమ్మా, అవి రాసి పంపు. రైలు సంగతి ఫ్యూచర్ వర్క్‌లో ఒక లైను పెట్టు" అంటున్నారు. ఫెలోషిప్ ఆగిపోవడానికి పద్నాలుగు నెలలుంది. రైల్లో చూసింది రాయకుండా ఊరుకోవడం నా వల్ల కావట్లేదు. టాపిక్ మార్చుకునే వయసూ దాటిపోయింది. ఎవరైనా ఇలాంటి చోట చిక్కుకున్నారా?

సిగ్నల్_పాయింట్

మీ సార్ చెప్పింది చెయ్యండి. ముందు డిగ్రీ చేతిలో పడాలి, లోకాన్ని తర్వాత బాగుచేద్దురుగాని. నా బ్యాచ్‌లో "ఇంకొంచెం బాగా చేద్దాం" అన్న ముగ్గురిలో ఇద్దరు మధ్యలో వదిలేసి ఉద్యోగాలకు వెళ్ళిపోయారు.

ప్యాకెట్_పంతులు

తొందరపడకండి ఇద్దరూ. అమ్మా, రెండు ప్రశ్నలు. సిమ్యులేటర్‌లో ఏ ట్రేసులు (నెట్ వేగం క్షణక్షణం ఎంతుందో కొలిచిన రికార్డులు) వాడావు? రైల్లో వీడియో ఏ సర్వర్ నుంచి వచ్చింది, దాని మీద సెట్టింగులు మార్చే అధికారం నీకుందా?

డెల్టా_అమ్మాయి

@ప్యాకెట్_పంతులు సార్, అందరూ వాడేవే. అమెరికా ఎఫ్‌సీసీ బ్రాడ్‌బ్యాండ్ ట్రేసులు, నార్వే 3జీ ట్రేసులు. సిమ్యులేటర్ పెన్సీవ్ వాళ్ళదే, కొంచెం మార్చుకున్నాను. సర్వర్ క్లౌడ్‌లో నేను అద్దెకు తీసుకున్న లినక్స్ మెషీన్. రూట్ పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది.

ఓరుగల్లు_రౌటర్

ఆడ్నే ఉంది చెల్లె అసలు ముచ్చట. ఆ నార్వే ట్రేసులు 2010-11ల ఆస్లో కాడ బస్సులల్ల, ట్రాములల్ల, పడవలల్ల తీసినవి. గవి పెట్టి నేర్పించిన దాన్ని తెచ్చి డోర్నకల్ కాడ అడవిలకెల్లి పోయే రైల్ల ఆడిపిస్తే అది ఎట్ల గెలుస్తది? దాని తప్పు లేదు. నేను ఎం.టెక్ ప్రాజెక్టుకు పటాన్‌చెరు నుంచి కోఠి దాక 218 బస్సుల పదిహేను రోజులు తిరిగి ట్రేసు తీసిన. కండక్టరన్న రోజు అడిగేటోడు, "ఏం కొలుస్తున్నవ్ తమ్మీ, రోడ్డా?" అని. అమీర్‌పేట కాడ సిగ్నల్ నిండుగ ఉంటది, వీడియో మాత్రం రాదు. జనం ఎక్కువ, టవరు ఒక్కటే. సిగ్నల్ గీతలు వేరు, వేగం వేరు అని నాకు ఆడనే సమజైంది.

గిండీ_గడ్డం

"నేర్పించిన ట్రేసు వేరు, ఆడించిన చోటు వేరు" అన్నది నిజమే గాని కథ అంతే కాదు. స్టాన్‌ఫర్డ్ వాళ్ళ పఫర్ చదవని వాళ్ళకోసం కాస్త వివరంగా రాస్తాను, ఈ అమ్మాయి బాధకి అంతకంటే దగ్గరి పేపరు లేదు.

2017లో ఎంఐటీ వాళ్ళ పెన్సీవ్ వచ్చింది. రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌తో, అంటే చేసి చూసి ఫలితాన్ని బట్టి తనే నేర్చుకుంటూ, నాణ్యత ఎంచుకోవడం. అందరం మురిసిపోయాం, నేనూ ఒక ఏడాది దాని వెనకే తిరిగాను. అప్పుడు స్టాన్‌ఫర్డ్ వాళ్ళు ఏం చేశారంటే, టీవీ ఛానళ్ళని ఉచితంగా చూపించే సైటు ఒకటి పఫర్ పేరుతో నిజంగా పెట్టారు. వచ్చిన ప్రతి మనిషికీ మందుల పరీక్షల్లో చేసినట్టు చీటీ తీసి ఒక పద్ధతి కేటాయించారు, చూసేవాళ్ళకి ఏది పడిందో తెలియదు. 63,508 మందికి మొత్తం 38.6 సంవత్సరాల వీడియో ఆడించారు. ఎన్‌ఎస్‌డీఐ 2020 కాన్ఫరెన్స్‌లో వచ్చిన ఫలితం ఏమిటంటే, సిమ్యులేటర్లలో ఏలిన గొప్ప పద్ధతులు నిజం ఇంటర్నెట్‌లో ఆ మామూలు బఫర్ పద్ధతిని దాటడానికే కష్టపడ్డాయి. నువ్వు రైల్లో రెండు ఫోన్లతో చూసింది వాళ్ళు వేలమందితో చూశారు.

ఇంకో సంగతి. వాళ్ళది కూడా నేర్చుకునే పద్ధతే, పేరు ఫుగు. కాకపోతే దానికి సిమ్యులేటర్‌లో నేర్పలేదు. నిజంగా వాడే చోట రోజూ వచ్చే డేటాతోనే నేర్పారు. పైగా అది "వేగం ఇంత" అని ఒక్క అంకె చెప్పదు. ఈ ముక్క రావడానికి ఎంతసేపు పట్టవచ్చో సంభావ్యతలతో సహా చెబుతుంది. నీ న్యూరల్ నెట్ ఒక్క అంకె చెబుతోందా?

డెల్టా_అమ్మాయి

@గిండీ_గడ్డం ఒక్క అంకే. పేపరు రెండేళ్ళ క్రితం చదివాను, రిలేటెడ్ వర్క్‌లో రెండు లైన్లు రాసి వదిలేశాను. అది నా గురించే అని అప్పుడు తట్టలేదు.

కాకినాడ_కాజా

మా వీధిలో క్రికెట్ మ్యాచ్ రోజున ఒక తమాషా ఉంటుందండి. ఎదురింట్లో డిష్ టీవీ, మా ఇంట్లో ఫోను. వాళ్ళు "అవుట్" అని అరిచాక మా ఫోన్లో బౌలర్ అప్పుడే పరుగు మొదలెడతాడు. మా నాన్నగారు ఇప్పుడు కిటికీ తలుపులు వేయించి మరీ మ్యాచ్ చూస్తున్నారు. దీనికెవరూ పీహెచ్‌డీ చెయ్యరాండి?

ప్యాకెట్_పంతులు

@కాకినాడ_కాజా చేస్తున్నారు, చాలామందే. యాపిల్ వాళ్ళ స్ట్రీమింగ్ పద్ధతి హెచ్‌ఎల్‌ఎస్‌లో ముక్క 6 సెకన్లు ఉంచమని వాళ్ళే సూచిస్తారు. ప్లేయరు కనీసం మూడు ముక్కలు వెనక ఉండి ఆడిస్తుంది, నెట్ తడబడితే తట్టుకోవడానికి. అక్కడికే 18 సెకన్లు అయ్యాయి. వీడియోని కుదించే ఎన్‌కోడింగూ, సీడీఎన్ (ఊరూరా పెట్టిన కాపీ సర్వర్ల వ్యవస్థ) ప్రయాణమూ దానికి అదనం. ముక్కని ఇంకా చిన్న తునకలుగా చేసి తయారైంది తయారైనట్టు పంపే పద్ధతులు వచ్చాయి. కానీ వెనకాల నిల్వ తగ్గితే ఈ అమ్మాయి సమస్య ఇంకా ముదురుతుంది. మీ నాన్నగారికి కిటికీ మూయడమే ప్రస్తుతానికి మేలు.

సీడీఎన్_సుబ్బి

నేను ఒక స్ట్రీమింగ్ కంపెనీలో ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాను. పేరు వద్దు. 2023 నవంబరులో వరల్డ్ కప్ ఫైనల్ హాట్‌స్టార్‌లో ఒకే క్షణంలో 5.9 కోట్ల మంది చూశారు కదా. అలాంటి రోజున మాకు ఒక్కటే దిగులు, వీడియో ఆగకూడదు. నాణ్యత కాస్త తగ్గితే జనం ఓర్చుకుంటారు. 2012లో కృష్ణన్, సీతారామన్ అనే పరిశోధకులు అకమై అనే సీడీఎన్ కంపెనీ డేటాతో చూపించారు. వీడియో మొదలవడం రెండు సెకన్లు దాటితే జనం వెళ్ళిపోవడం మొదలెడతారు, ఆపైన ఆలస్యమయ్యే ఒక్కో సెకనుకీ 5.8 శాతం మంది పోతారు. అందుకని నా మాట ఏమిటంటే, రైల్లో ఓడిన పద్ధతిని ఎంత గొప్ప కాన్ఫరెన్స్‌లో వేసుకున్నా మా దగ్గర ఎవరూ వాడరు. "ఎందుకు ఓడింది" అని నిజాయితీగా రాసిన థీసిస్ అయితే నేను ప్రింటు తీసుకుని చదువుతాను.

సిగ్నల్_పాయింట్

@సీడీఎన్_సుబ్బి మీరు చదువుతారు, సంతోషం. రివ్యూయర్ చదవడు కదండీ! "ప్రతిపాదించిన పద్ధతి పాత పద్ధతి కంటే మెరుగ్గా లేదు, రిజెక్ట్" అని రాసేస్తాడు. నాకు మూడుసార్లు అలాగే వచ్చింది. ఆమెకి పద్నాలుగు నెలలే ఉన్నాయి, అది మరిచిపోతున్నారు అందరూ.

వైర్‌షార్క్_వనజ

నేను సిగ్నల్_పాయింట్ వైపు కాదు, అలాగని మిగతావాళ్ళ వైపూ కాదు. ఒక్క ప్రయాణం, రెండు ఫోన్లు. అంత మాత్రానికే "ఓడింది" అని ఎలా అనేశావమ్మా? ఫోన్లు రెండూ ఒకే మోడలా? కిటికీ పక్కన ఏది ఉంది? రెండూ ఒకే టవరుకి, ఒకే బ్యాండుకి పట్టుకున్నాయా? సగం దారిలో సిమ్ములు తారుమారు చేశావా? పఫర్ వాళ్ళు అంత వీడియో ఎందుకు ఆడించారనుకుంటున్నావు? కాస్త తేడా ఉన్న రెండు పద్ధతుల్ని నమ్మకంగా వేరు చెయ్యడానికే సంవత్సరాల కొద్దీ వీడియో కావాలని వాళ్ళే తేల్చారు. సిమ్యులేటర్‌లో గెలుపు ఎంత అనుమానమో రైల్లో ఓటమి కూడా అంతే అనుమానం.

నా వైవాలో ఎక్స్‌టర్నల్ అడిగిన మొదటి ప్రశ్న "ఈ గ్రాఫులో ఎర్రర్ బార్లు (కొలతలో ఎంత అనిశ్చితి ఉందో చూపే గీతలు) ఏవమ్మా?" రెండో ప్రశ్నకి వెళ్ళడానికి ముప్పావు గంట పట్టింది.

డెల్టా_అమ్మాయి

@వైర్‌షార్క్_వనజ ఫోన్లు వేరు మోడళ్ళు అక్కా. నాది కొత్తది, ఓడినది అదే. సిమ్ములు మార్చలేదు. మీరు చెప్పాక చూస్తే అసలు ప్రయోగమే కాదు అది.

గుంటూరు_గోంగూర

ఇక్కడ అందరూ ఫుల్‌టైమ్ వాళ్ళలా ఉన్నారు. నేను ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ పార్ట్‌టైమ్ చేస్తున్నాను. వారానికి పద్దెనిమిది గంటల క్లాసులు, అడ్మిషన్ల సీజన్లో ఊళ్ళు తిరగడం, నాక్ వస్తే ఫైళ్ళు. ల్యాబులో సర్వర్ అడిగితే "సిమ్యులేటర్ ఉంది కదా మాష్టారూ" అంటారు. మాలాంటి వాళ్ళకి సిమ్యులేటర్ తప్ప దారేది? అది వాడితే మోసం అన్నట్టు మాట్లాడకండి.

ప్యాకెట్_పంతులు

@గుంటూరు_గోంగూర మాష్టారూ, ఎవరూ మోసం అనలేదు. సిమ్యులేటర్ దేన్ని వదిలేస్తుందో తెలిసి వాడితే అది పనిముట్టే. మీ ఖర్చు సంగతికొస్తే, మహిమహి అని 2015లో ఎంఐటీ నుంచి వచ్చిన సాధనం ఉంది, ఉచితం. ట్రేసు ఇస్తే ఆ వేగంతోనే నిజం టీసీపీ (డేటాని ప్యాకెట్లుగా పంపి, అందాయో లేదో చూసుకునే నెట్ నియమాలు) ప్యాకెట్లని నడిపిస్తుంది. మామూలు ల్యాప్‌టాప్ చాలు. మిన్‌నెట్ కూడా ల్యాప్‌టాప్‌లో నడిచే ఉచిత సాధనమే. సిమ్యులేటర్‌కీ రైలుకీ మధ్య ఇదొక మెట్టు, దీన్ని ఎక్కకుండా పైకి దూకడం వల్లే చాలామంది జారుతున్నారు.

ఇప్పుడు అమ్మాయి సంగతి. పెన్సీవ్ సిమ్యులేటర్ ముక్క మొత్తాన్ని ఒక్కసారిగా లెక్కేస్తుంది. ట్రేసులో ఉన్న వేగంతో ముక్క సైజుని భాగించి, ఆర్‌టీటీ (ప్యాకెట్ వెళ్ళి జవాబు తిరిగొచ్చే సమయం) 80 మిల్లీసెకన్లు కలిపి, వచ్చేసినట్టే అంటుంది. టీసీపీ అందులో లేదు. నిజంలో ఏమవుతుందో చూడు. నీ ఫోన్లో బఫర్ నిండింది, ప్లేయరు కాసేపు అడగడం ఆపింది. ఆ కాసేపూ కనెక్షన్ ఖాళీ. లినక్స్ సర్వరు ఖాళీగా ఉన్న కొద్దీ తన పంపే కిటికీని (జవాబు కోసం ఆగకుండా ఒకేసారి పంపగల ప్యాకెట్ల సంఖ్యని) తగ్గించుకుంటూ పోతుంది, పది ప్యాకెట్ల దాకా. తర్వాతి ముక్క అడగ్గానే మళ్ళీ మెల్లగా మొదలెట్టాలి. ఆ ముక్క నిదానంగా వచ్చింది కాబట్టి నీ న్యూరల్ నెట్ "నెట్ పడిపోయింది" అనుకుని నాణ్యత తగ్గిస్తుంది. చిన్న ముక్క అడిగితే కిటికీ పెరిగేలోపే ముక్క అయిపోతుంది, కొలిచిన వేగం ఇంకా తక్కువ కనిపిస్తుంది. అది ఇంకా తగ్గుతుంది. మెట్లు దిగుతూ పోవడమే. స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 2012లోనే దీని మీద ఒక మంచి పేపరు రాశారు, బఫర్ పద్ధతి ఆలోచన పుట్టింది కూడా అక్కడి నుంచే. వేగాన్ని అసలు కొలవకుండా బఫర్ ఎంత నిండిందో చూసి అడిగేది ఈ గోతిలో పడదు. అది నీ పక్క ఫోన్లో హాయిగా ఆడటానికి ఇదొక కారణం కావచ్చు.

సర్వర్‌లో "టీసీపీ స్లో స్టార్ట్ ఆఫ్టర్ ఐడిల్" అని ఒక సెట్టింగు ఉంటుంది. మామూలుగా 1 ఉంటుంది. 0 చేసి మళ్ళీ చూడు. ముందు హాస్టల్ వైఫైలో చెయ్యి, రైలు తర్వాత.

ఓరుగల్లు_రౌటర్

పంతులు సార్, మీ పాఠం జీతం లేకుండ మాకు దొరుకుతున్నది. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్న.

డ్రెస్డెన్_దోశ

జర్మనీలో డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ చేస్తున్నాను, మూడో ఏడు. నాది వీడియో కాదు, ఏకాభిప్రాయ ప్రోటోకాల్స్, అంటే చాలా మెషీన్లు కలిసి ఒకే మాట మీద నిలబడేలా చేసే పద్ధతులు. కానీ కథ ఇదే. నా మార్పుతో అలాంటి పద్ధతి రాఫ్ట్ వేగం పెరిగిందని ఎనిమిది నెలలు సంబరపడ్డాను. ఐదు మెషీన్లూ ఒకే ర్యాక్‌లో ఉండేవి. ఒకదాన్ని వేరే ఊరి డేటా సెంటర్‌కి మార్చగానే లీడర్ ఎన్నికలు ఆగకుండా జరుగుతూనే ఉన్నాయి, పని జరగదు. నేను పెట్టిన టైమవుట్ (లీడర్ మాట కోసం ఆగే గడువు) కంటే ఆర్‌టీటీ పెద్దది, అంతే. నా ప్రొఫెసర్ కోప్పడలేదు. "ఇప్పుడు నీకు మొదటి అధ్యాయం దొరికింది" అన్నారు. ఎక్కడ విరుగుతుందో, ఎందుకు విరుగుతుందో కొలిచి రాశాను. అదే నా మొదటి పేపరు అయింది.

@సిగ్నల్_పాయింట్ రిజెక్షన్ల సంగతికి, ఏకాభిప్రాయ పద్ధతుల్లో పేరుమోసిన లాంపోర్ట్ పాక్సోస్ పేపరు 1990లో పంపితే అచ్చయింది 1998లో. మూడుసార్లంటే మీరింకా దారిలోనే ఉన్నారు.

సిగ్నల్_పాయింట్

లాంపోర్ట్‌కి ఫెలోషిప్ ఆగిపోయే బెడద లేదు కదా. సరే, మీ ర్యాక్ కథ మాత్రం మనసుకి తగిలింది. నా మూడు రిజెక్షన్లలో ఒకదానికి కారణం అదే అని ఇప్పుడు అనిపిస్తోంది. మళ్ళీ తెరిచి చూస్తాను.

ఏలూరు_ఎన్‌కోడర్

డెల్టా_అమ్మాయి, గడువు గురించి భయపడకు. ఫెలోషిప్ ఐదేళ్ళకి ఆగినా, 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి ఆరేళ్ళు ఉంది, రీరిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్ళు. ఆడవాళ్ళకి ఆపైన మరో రెండేళ్ళ సడలింపు కూడా ఉంది. నేను మధ్యలో పాప పుడితే 240 రోజుల మెటర్నిటీ లీవు వాడుకున్నాను. ఆఫీసులో క్లర్కు గారికి తెలియదు, నిబంధన ప్రింటు తీసి తీసుకెళ్ళి చూపించాను. ఇంకో మాట, ఆ నిబంధనల్లో థీసిస్‌కి ముందు జర్నల్ పేపరు తప్పనిసరి అన్నది తీసేశారు. మీ యూనివర్సిటీ సొంతంగా పెట్టుకుందేమో కనుక్కో, చాలా చోట్ల ఇంకా అడుగుతున్నారు. పేపరు కావాలి కదా అని డబ్బు కట్టి వేసే జర్నళ్ళ జోలికి మాత్రం వెళ్ళకు. నా స్నేహితురాలు వెళ్ళి, ఆ జర్నల్ గుర్తింపు ఉన్నవాటి జాబితాలోంచి పోయాక మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టాల్సి వచ్చింది.

డెల్టా_అమ్మాయి

పది రోజులైంది, పంతులు సార్ చెప్పినవన్నీ చేశాను. సెట్టింగు 0 చేశాను. ఫోన్లు రెండూ ఒకే మోడల్, తమ్ముడిది అడిగి తెచ్చుకున్నాను. గంటకోసారి సిమ్ములు మార్చాను.

హాస్టల్ వైఫైలో తేడా పూర్తిగా పోయింది, నాదే కాస్త ముందుంది. సర్వర్‌లో ఆ ఒక్క సెట్టింగు వల్ల నేను నాలుగు నెలలు ఏడ్చాను. ఎంఎంటీఎస్‌లో లింగంపల్లి నుంచి సికింద్రాబాద్ దాకా ఆరుసార్లు తిరిగాను, రెండూ దాదాపు సమానం. విజయవాడ వైపు వెళ్ళే రైల్లో మాత్రం ఇప్పటికీ నాదే ఎక్కువసార్లు ఆగుతోంది. కాజీపేట, డోర్నకల్ మధ్య సిగ్నల్ పూర్తిగా పోయి మళ్ళీ వచ్చే చోట్లే ఆగుతోంది. ఇది టీసీపీ ఒక్కదాని మీద నెట్టేయలేను.

ప్యాకెట్_పంతులు

బాగుంది. ఇప్పుడది ప్రయోగం. సిగ్నల్ పోయినప్పుడు సర్వర్‌లో ప్యాకెట్ క్యాప్చర్ (ఏ ప్యాకెట్ ఎప్పుడు వెళ్ళిందో వచ్చిందో రికార్డు) తీసి చూడు. జవాబు రాకపోతే టీసీపీ మళ్ళీ పంపే గడువుని ప్రతిసారీ రెట్టింపు చేస్తుంది. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది సెకన్లు. సిగ్నల్ తిరిగి వచ్చినా సర్వరు తన గడువు అయ్యేదాకా పలకదు. ఆ నిశ్శబ్దం నీ ట్రేసులో ఉండదు, నీ ఫోనుకి ఉంటుంది.

ఈ మెల్లగా మొదలెట్టడం, రెట్టింపు చేయడం ఎవరో ఊరికే పెట్టినవి కావు. 1986 అక్టోబరులో లారెన్స్ బర్క్‌లీ ల్యాబుకీ పక్కనే ఉన్న యూనివర్సిటీకీ మధ్య, 400 గజాల దూరంలో, వేగం 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకి పడిపోయింది. కిలోబిట్లు కాదు, వట్టి బిట్లు. వాన్ జాకబ్సన్ ఎందుకని తవ్వితే 1988 పేపరు వచ్చింది. నీ సర్వర్లో మనం మార్చిన ఆ స్లో స్టార్ట్ అక్కడి నుంచి వచ్చినదే. నువ్వు మాత్రం పడిపోయిన చోట తవ్వడం ఎందుకు మానాలి?

సీడీఎన్_సుబ్బి

ఒక అభ్యంతరం. నీ అద్దె సర్వర్‌లో సెట్టింగు మార్చావు, సరే. నిజం వీడియో సీడీఎన్ నుంచి వస్తుంది, అక్కడ ఆ అంకె ఎవరు మారుస్తారు? కొన్ని చోట్ల 0, కొన్ని చోట్ల 1, కొన్ని చోట్ల టీసీపీయే కాదు, దాని బదులు వాడే కొత్త పద్ధతి క్విక్. థీసిస్‌లో రెండు సెట్టింగులతోనూ ఫలితాలు పెట్టు. "సర్వరు ఇలా ఉంటే నా పద్ధతి పనిచేస్తుంది, ఇలా ఉంటే చెయ్యదు" అని పట్టిక వెయ్యి. మా లాంటి వాళ్ళకి ఆ పట్టికే కావాలి.

డ్రెస్డెన్_దోశ

ఇంకోలా ఆలోచించు. రైలు రోజూ అదే పట్టాల మీద వెళ్తుంది. సిగ్నల్ పోయే చోట్లు రోజూ అవే. అక్కడికి చేరకముందే బఫర్ బాగా నింపుకుంటే? సత్యనారాయణన్ గారి కోడా ఫైల్ సిస్టమ్‌లో ఇదే కదా, కనెక్షన్ పోతుందని తెలిసి ఫైళ్ళు ముందే దాచుకోవడం. అదే బోగీలోని ఫోన్లు ఒకదానికొకటి చెప్పుకుంటే అది అచ్చమైన డిస్ట్రిబ్యూటెడ్ సమస్య అవుతుంది.

గిండీ_గడ్డం

ఆగు ఆగు. చోటుని బట్టి వేగం పటం తయారుచేసి ముందే ప్లాన్ చేసుకోవడం నార్వే వాళ్ళే 2012లో చేశారు, ఆ ట్రేసులు తీసిన బృందమే. సింగపూర్‌లోనూ చేశారు. కొత్తది అని రాస్తే మొదటి రివ్యూలోనే పోతుంది. అది చదివి, మన రైల్లో ఏమి భిన్నమో చెప్పగలిగితే అప్పుడు మాట్లాడదాం. పైగా ఒకే బోగీలో వందమంది ఒకే చోట బఫర్ నింపుకోవడం మొదలెడితే ఆ టవరు గతేం కాను?

ఓరుగల్లు_రౌటర్

అదే గద కొత్త ముచ్చట! నార్వే ట్రాముల ఎంతమంది వీడియో సూస్తరు, మన జనరల్ బోగీల ఎంతమంది సూస్తరు? అందరి ఫోన్లు ఒక్కసారే గుంజితే ఏమైతదో ఎవలన్న కొలిచిన్రా?

గిండీ_గడ్డం

@ఓరుగల్లు_రౌటర్ ఒప్పుకుంటున్నాను. అది మంచి ప్రశ్న. కానీ ఇంకో థీసిస్. ఈ అమ్మాయి నెత్తిన పెట్టకండి.

గుంటూరు_గోంగూర

పంతులు గారూ, మహిమహి ల్యాబులో పెట్టుకున్నాను. పనిచేస్తోంది. ఈ అమ్మాయి తీసిన రైలు ట్రేసులు ఇస్తే మా బి.టెక్ పిల్లల చేత కూడా ఆడిస్తాను.

వైర్‌షార్క్_వనజ

@డెల్టా_అమ్మాయి ట్రేసులు పంచేముందు ఫోన్ నంబరు, ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు సంఖ్య), కచ్చితమైన సమయాలు తీసెయ్యి. నీ హాస్టల్ దగ్గరి మొదటి కిలోమీటరు కూడా కోసెయ్యి. తర్వాత మల్టీమీడియా సిస్టమ్స్ వాళ్ళ ఎంఎంసిస్ కాన్ఫరెన్స్ చూడు. డేటాసెట్లకే అక్కడ ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. పద్ధతి గెలిచినా ఓడినా ట్రేసులకి విలువ ఉంటుంది. నీ పద్నాలుగు నెలల్లో అయ్యే పని అది.

మీ సార్‌తో ఎలా మాట్లాడాలా అని కూడా భయపడుతున్నట్టున్నావు. "మీరు చెప్పింది తప్పు" అని మొదలెట్టకు. రెండు గ్రాఫులు పక్కపక్కన పెట్టి తీసుకెళ్ళు, సెట్టింగు మార్చకముందు, మార్చాక. ఆయన కూడా ఒకప్పుడు స్కాలరే.

డెల్టా_అమ్మాయి

రెండు నెలల తర్వాత వస్తున్నాను, క్షమించండి. వనజక్క చెప్పినట్టే గ్రాఫులు తీసుకెళ్ళాను. సార్ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇది నాకు దసరాకే ఎందుకు చూపించలేదు?" అన్నారు. చూపించాను అని చెప్పే ధైర్యం రాలేదు. చూపించింది ఫలితమే గాని కారణం కాదు కదా, అని సరిపెట్టుకున్నాను. డాక్టోరల్ కమిటీకి టైటిల్ మార్పు పెట్టారు. ఇప్పుడు మూడు అధ్యాయాలు: సిమ్యులేటర్ ఏం వదిలేస్తుంది, రైలు ట్రేసులు, సిగ్నల్ తెగే చోట అంచనాని ఎంతవరకు నమ్మాలి. గిండీ_గడ్డం గారు అన్నట్టు ఒక్క అంకె మానేసి సంభావ్యతలు చెప్పిస్తున్నాను. అనుమానం ఎక్కువైతే బఫర్ చూసి నడుచుకుంటుంది.

పోయిన వారం సార్ వేరే యూనివర్సిటీలో వైవాకి విజయవాడ వెళ్ళారు. వెళ్తూ "ఆ రెండు ఫోన్లూ ఇవ్వమ్మా" అని తీసుకెళ్ళారు. రాత్రి డోర్నకల్ దాటాక ఫోన్ చేశారు. "ఆగింది" అన్నారు.

కాకినాడ_కాజా

అయ్యో. ఏదండి ఆగింది?

డెల్టా_అమ్మాయి

రెండూ ఆగాయట. పాతది ముందు ఆగింది.

ప్యాకెట్_పంతులు

ఫోన్లు తారుమారు చేసి తిరుగు రైల్లో కూడా ఆడించమను. లాగ్ ఫైళ్ళు (ప్లేయరు రాసుకున్న రికార్డులు) నాకు పంపు.